చూపు - కూర్పు

పాఠ్యభాగ ఉద్దేశం

ఒకప్పుడు చలనచిత్రం తీయాలంటే స్టూడియో, ముడిఫిల్ము, ప్రయోగశాల, పంపిణీదారుడు తప్పనిసరి. 2005లో యూట్యూబ్ ప్రారంభమైంది. ఆ తరువాతి కాలంలో సెల్‌ఫోన్‌లోనే మంచి కెమెరా అమరడంతో ఆ సాధనసంపత్తి చాలావరకు సామాన్యుని అరచేతిలోకి వచ్చింది. అయితే సాధనం చేతికి వచ్చినంత సులభంగా విద్య అలవడదు. ఔత్సాహికులు వీడియోల చిత్రీకరణలోను, కూర్పులోను పాటించవలసిన మెలకువలను ఉత్తర తెలంగాణ ఉదాహరణలతో వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

1. లంబాడిపల్లి నేర్పిన పాఠం

జగిత్యాల జిల్లా మల్యాల మండలంలోని లంబాడిపల్లి, 2016 నాటి జిల్లాల పునర్విభజనకు ముందు కరీంనగర్ జిల్లాలో ఉండేది. శ్రీరామ్ శ్రీకాంత్ అనే యువకుడు 2012లో అక్కడ 'మై విలేజ్ షో' అనే యూట్యూబ్ చానల్‌ను ప్రారంభించాడు. ఆ ఊరి మనుషులే అందులో నటులు. ఆ ఊరి వాకిళ్లు, పొలాలే రంగస్థలాలు. వ్యవసాయ కూలీగా, బీడీలు చుట్టే శ్రామికురాలిగా జీవించిన మిల్కూరి గంగవ్వ ఈ వీడియోల ద్వారానే తెలుగువారందరికీ పరిచితురాలైంది. ఆమె 2019లో 'మల్లేశం', 'ఇస్మార్ట్ శంకర్' చిత్రాలలో కనిపించింది. 2020లో 'బిగ్‌బాస్' కార్యక్రమంలో పాల్గొన్నది.

2018లో కదులుతున్న కారు నుండి దిగి పక్కన నాట్యం చేసే 'కికీ చాలెంజ్' ప్రపంచమంతటా వ్యాపించింది. అది ప్రమాదకరమని పోలీసులు హెచ్చరికలు జారీ చేశారు. లంబాడిపల్లి బృందం కారును పక్కనపెట్టి ఎడ్లను ఎన్నుకొన్నది. బురదమడిలో ఎడ్లు దున్నుతూ సాగిపోతుంటే వాటి పక్కన అనిల్, తిరుపతి అనే ఇద్దరు యువకులు నాట్యం చేశారు. ఆ చిన్న వీడియో దేశదేశాలలో ప్రజలను నవ్వించింది. దానికి ఖరీదైన సెట్టింగు అవసరం కాలేదు. ఎడ్లు, బురద, ఇద్దరు మనుషులు, వారి ఉల్లాసం - ఇంతే సామగ్రి. అన్యదేశపు అనుకరణను తమ నేల మీదికి తెచ్చుకోవడమే వారి ప్రతిభ. ఏమి చూపాలో తెలిసిన తరువాతనే ఎలా చూపాలనే ప్రశ్న వస్తుంది.

2. చిత్రీకరణ: అభినయ దృష్టి

భరతముని నాట్యశాస్త్రంలో అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు విధాలుగా చెప్పాడు. కెమెరా పట్టుకొనే విద్యార్థికి ఈ విభజన నేటికీ ఉపకరిస్తుంది.

ఆంగికం శరీర చలనానికి సంబంధించినది. దానిని చూపడానికి దూరపు దృశ్యం, అనగా లాంగ్ షాట్ కావాలి. దీపావళి దండారి వేడుకలలో నెమలి ఈకల కిరీటం ధరించి రాజ్‌గోండులు ఆడే గుస్సాడీ నృత్యాన్ని చిత్రీకరిస్తున్నామనుకుందాం. నర్తకుని ముఖాన్నే పట్టుకొని కూర్చుంటే అడుగుల లయ కనబడదు. కిరీటం కొన నుండి పాదాల వరకు ఫ్రేములో ఇమడాలి. చుట్టూ కొంత ఖాళీ స్థలం మిగలాలి.

సాత్త్వికం కన్నీరు, వణుకు, గద్గదస్వరం వంటి భావాల వ్యక్తీకరణ. దీనికి క్లోజప్ తగినది. కరీంనగర్ వెండి ఫిలిగ్రీ పనిని తీసేటప్పుడు సన్నని తీగను మెలితిప్పే వేళ్లను, ఆ వేళ్లపై నిలిచిన కళ్లను వేరువేరుగా దగ్గరనుండి తీయాలి. పిదప పనిశాల మొత్తాన్ని, కళాకారుని భుజం మీదుగా కనిపించే పనిని, పూర్తయిన వస్తువును తీయాలి. ఈ అయిదు దృశ్యాలు ఉంటే కూర్పులో ఇబ్బంది రాదు. దగ్గరి దృశ్యం కావాలంటే జూమ్ చేయడం కంటె తానే రెండడుగులు ముందుకు వేయడం మేలు. ఫోన్‌లోని జూమ్ హద్దు మీరితే చిత్రం పలచబడుతుంది.

ఆహార్యం వేషధారణ. వీడియోలో నేపథ్యాన్ని, వెలుతురును కూడా ఇందులో చేర్చుకోవచ్చు. మనిషి తల వెనుక స్తంభం మొలిచినట్లు కనిపించకూడదు. మిట్టమధ్యాహ్నపు ఎండ కళ్లకింద నల్లని నీడలు వేస్తుంది. ఉదయపు, సాయంకాలపు ఎండ ముఖాన్ని మృదువుగా చూపిస్తుంది. ఇంటిలోపల తీస్తే మనిషిని కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టాలి; కిటికీ వెనుక ఉంటే ముఖం నల్లబడుతుంది. మనదేశంలో విద్యుత్తు 50 హెర్ట్జ్‌లది కనుక కొన్ని దీపాల వెలుగు సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులకు లోనవుతుంది. తెరపై చారలు కదిలినట్లు కనిపిస్తే కెమెరా షటర్ వేగాన్ని సెకనులో 50వ లేదా 100వ వంతుకు మార్చుకోవాలి.

వీటన్నిటికీ ఆధారం నిశ్చలత. ట్రైపాడ్ లేనిచోట గోడకు ఆనుకోవడం, మోచేతులను పక్కటెముకలకు ఆనించడం, ధాన్యపు బస్తాపై ఫోన్‌ను నిలపడం వంటి ఉపాయాలు చాలు. చిత్రీకరణకు ముందు లెన్సును మెత్తని గుడ్డతో తుడవాలి. ప్రతి దృశ్యాన్ని కనీసం పది సెకన్లు కదలకుండా తీయాలి. మాట్లాడేవాడు పూర్తిచేసిన వెంటనే కెమెరా ఆపరాదు. మాట తరువాతి మౌనంలోనే ఒక్కొక్కప్పుడు అసలు భావం వెల్లడవుతుంది.

3. ధ్వని: వాచికానికి పట్టం

నాలుగు అభినయాలలో ఔత్సాహికులు ఎక్కువగా ఉపేక్షించేది వాచికాన్ని. దృశ్యం కొంత మసకగా ఉన్నా ప్రేక్షకుడు ఓర్చుకొంటాడు. మాట వినిపించకపోతే మరొక వీడియోకు వెళ్లిపోతాడు. పల్లెభాష సొగసును చూపే వీడియోకు ఇది మరింత నష్టం. యాస, కాకువు, విరుపు - ఇవన్నీ చెవికి అందవలసిన సంపద.

కెమెరా దూరంగా ఉన్నా మైకు నోటికి దగ్గరగా ఉండాలి. చిన్న కాలర్ మైకు లేకపోతే రెండవ ఫోన్‌ను మాట్లాడేవారి జేబులో ఉంచి ధ్వనిని ముద్రించుకోవచ్చు. ఆరంభంలో ఒకసారి గట్టిగా చప్పట్లు కొడితే ఆ శబ్దాన్ని గుర్తుగా తీసుకొని తరువాత దృశ్యాన్ని, ధ్వనిని జతపరచవచ్చు. సిరిసిల్ల మరమగ్గాల షెడ్డులో నేతకార్మికునితో సంభాషిస్తే ఒక్కమాటా వినిపించదు. మాటలను బయట నీడపట్టున ముద్రించి, మగ్గాల చప్పుడును విడిగా అరనిమిషం పట్టుకొని, కూర్పులో దానిని మాటల కింద సన్నగా వినిపించడం సరైన పద్ధతి.

4. కూర్పు: విడిచిపెట్టే విద్య

తీసినదంతా చూపాలనుకోవడం ఔత్సాహికుని తొలి వ్యామోహం. కూర్పరి ముందుగా తీసినదంతా ఓపికగా చూసి, పనికివచ్చే భాగాలను కాగితంపై రాసుకోవాలి. పిమ్మట కథాక్రమంలో అమర్చాలి. ఆ తరువాతనే కత్తిరింపు. ఒక పని జరుగుతుండగా - కుండ ఎత్తుతుండగానో, తలుపు తీస్తుండగానో - దృశ్యాన్ని మార్చితే ఆ మార్పు కంటికి తగలదు. మాటల నడుమ అనవసర భాగాన్ని తొలగించినప్పుడు ముఖం గెంతినట్లు కనిపిస్తుంది. ఆ చోట చేతులనో, పరిసరాలనో చూపే దృశ్యాన్ని కప్పాలి. నృత్యానికైతే ఒకే ముద్రణలోని వాద్యధ్వనిని తెగకుండా ఉంచి, దానిపై దృశ్యాలను పేర్చాలి. మెరుపులు, గిరికీలు వంటి అలంకారాలు మితిమీరితే విషయం మరుగున పడుతుంది.

కూర్పుకు అర్థాన్ని పుట్టించే శక్తి ఉన్నది. సుమారు వందేళ్ల క్రితం రష్యా దర్శకుడు లెవ్ కులెషోవ్ చేసిన ప్రయోగం సుప్రసిద్ధం. భావరహితమైన ఒకే ముఖాన్ని అతడు వేరువేరు దృశ్యాలతో జతచేశాడు. సూపు గిన్నె పక్కన ఆ ముఖం ఆకలిగా, శవపేటిక పక్కన దుఃఖంగా తోచింది. ముఖం మారలేదు, పొరుగు మారింది. ఇదే శక్తి దుర్వినియోగమైతే ఒక నిరక్షరాస్యురాలి గంభీరమైన మాటకు వెక్కిరింపు నవ్వును జోడించి ఆమెను పరిహాసపాత్రురాలిని చేయవచ్చు. కత్తెర పదును అంతటిది!

5. ఔచిత్యం

క్షేమేంద్రుడు కావ్యానికి ఔచిత్యమే జీవమని చెప్పాడు. వీడియోకూ అదే జీవం. నేటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోని మార్లవాయిలో 1940వ దశకంలో మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ నివసించి గోండుల జీవితాన్ని అక్షరాలలోను, ఛాయాచిత్రాలలోను భద్రపరిచాడు. ఆ ఊరివారితో కలిసిమెలిసి బతికిన తరువాత సమకూరిన సంపద అది. అదే మార్లవాయికి చెందిన గుస్సాడీ కళాకారుడు కనక రాజుకు 2021లో పద్మశ్రీ పురస్కారం ప్రకటించారు. 2024లో ఆయన మరణించారు. కళాకారుడు గతించిన తరువాత అతని అడుగును చూడగోరేవారికి మిగిలేది శిష్యుల దేహాలు, కొన్ని దృశ్యాలు మాత్రమే. ఆ దృశ్యం వణికినా, ధ్వని చెడినా నష్టం పూడ్చలేనిది.

అందుచేత చిత్రీకరణకు ముందు వీడియో ఎక్కడ, ఎందుకు చూపబడుతుందో చెప్పి అనుమతి పొందాలి. పూజావిధులను పెద్దల సమ్మతి లేనిదే తీయరాదు. పూర్తయిన కూర్పును అందులోని మనుషులకు ముందుగా చూపించాలి. ఇతరుల పాటను వాడదలిస్తే 1957 నాటి కాపీరైటు చట్టాన్ని గుర్తుంచుకోవాలి. అసలు దృశ్యాలను రెండు చోట్ల భద్రపరచాలి.

విద్యార్థులారా! మీ ఇంటిలో పాత పాటలు, పొడుపుకథలు, పనిపద్ధతులు తెలిసిన వృద్ధులు ఉండవచ్చు. వారి మాట వినబడేటట్లు, వారి ముఖం కనబడేటట్లు, వారి గౌరవం నిలిచేటట్లు అయిదు నిమిషాల వీడియోను తీయండి. చూపులో ఆదరం, కూర్పులో నిజాయితీ ఉంటే సాంకేతిక నైపుణ్యం సార్థకమవుతుంది.

పదాలు - అర్థాలు

ఔత్సాహికుడు : వృత్తిగా కాక ఆసక్తితో పనిచేసేవాడు
కాకువు : భావాన్ని బట్టి మారే కంఠస్వరం
కూర్పరి : దృశ్యాలను వరుసగా అమర్చేవాడు, ఎడిటర్
ఔచిత్యం : తగినదై ఉండడం
గద్గదస్వరం : బొంగురుపోయిన గొంతు

అభ్యాసం

అ) వ్యాసరూప ప్రశ్నలు
1. చతుర్విధాభినయాలను చిత్రీకరణకు ఎట్లు అన్వయించవచ్చునో వివరించండి.
2. కూర్పుకు గల శక్తిని, కూర్పరి బాధ్యతను విశ్లేషించండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. లంబాడిపల్లి బృందం 'కికీ చాలెంజ్'ను తమదిగా ఎట్లు మలచుకొన్నది?
2. మరమగ్గాల షెడ్డులో సంభాషణను ఏ విధంగా ముద్రించాలి?

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. కావ్యానికి ఔచిత్యమే జీవమని చెప్పినదెవరు?
2. గుస్సాడీ నృత్యాన్ని ఏ వేడుకలలో ఆడుతారు?

ఈ) ప్రాజెక్టు పని
మీ ప్రాంతంలోని ఒక చేతివృత్తిపై అయిదు దృశ్యాలతో మూడు నిమిషాల వీడియో రూపొందించండి. అందులో ఏయే భాగాలను విడిచిపెట్టారో, ఎందుకు విడిచిపెట్టారో ఒక పుటలో రాయండి.