సాయంత్రం పూట మందు పనిచేయట్లేదా?

ప్రశ్న: మా బాబుకు 9 ఏళ్లు. ఏడీహెచ్‌డీకి హైదరాబాద్‌లో ప్రైవేటు డాక్టరు మిథైల్‌ఫెనిడేట్ రాశారు. బడిలో బాగుంటాడు, సాయంత్రం హోంవర్కుకు కూర్చోడు. మోతాదు ఫోన్‌లో పెంచరట. సగం మాత్ర మేమే కలిపి వేయొచ్చా?
– ఒక తల్లి, బీదర్

జవాబు: వద్దమ్మా. డాక్టరుగారిది బెట్టు కాదు. ఇది షెడ్యూల్ ఎక్స్ మందు. 2020 నాటి టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం ఫోన్‌లోనో వీడియోలోనో చూసి రాయకూడదు.

మీరు వాడేది మామూలు మాత్రే అయితే పనిచేసేది సుమారు 4 గంటలు. పొద్దున 8కి వేసింది సాయంత్రానికి ఎక్కడుంటుంది? పొద్దుటి మోతాదు పెంచితే ఆకలి చచ్చిపోవచ్చు, హోంవర్కు మాత్రం అలాగే ఉంటుంది. మధ్యాహ్నం ఇంకో చిన్న మోతాదా, మెల్లగా విడుదలయ్యే రకమా అన్నది డాక్టరే తేల్చాలి. మరీ పొద్దుపోయాక వేస్తే నిద్ర పట్టదు.

వెళ్లేటప్పుడు బరువు, తిండి, నిద్ర, ఏ వేళకు చిరాకు మొదలవుతోందో రాసుకెళ్లండి. టీచరు రాసిచ్చిన రెండు ముక్కలుంటే మరీ మంచిది. బీపీ, నాడి అక్కడ చూస్తారు. ప్రతిసారీ అంత దూరం కష్టమైతే, మీ ఊరి బ్రిమ్స్ ఆసుపత్రి సైకియాట్రీ ఓపీలో చూపించుకోవచ్చేమో డాక్టరుగారినే అడగండి.