బాలల నవలలో నవ్వు: కొన్ని ఆలోచనలు

మన వార్షిక సంచికలో కావ్యసమీక్షలకు, కవుల జీవితాలకు కొదవ లేదు. పిల్లల పుస్తకాలను గూర్చి మాత్రం ఎవరూ వ్రాయరు. కళాశాలకు వచ్చినవారికి పిల్లల కథలతో పనియేమి అన్న భావమే ఇందుకు కారణం కావచ్చును. కాని మా తరగతిలో ఏటేటా ఒక విషయం గమనించుచున్నాము. పాఠ్యపుస్తకం గాక తాము సొంతంగా చివరివరకు చదివిన పుస్తకం పేరు చెప్పుమంటే చాలమంది తలలు వంచుకొందురు. ఉర్దూ మాధ్యమం నుండి వచ్చినవారైనా, తెలుగు మాధ్యమం నుండి వచ్చినవారైనా పరిస్థితి ఒక్కటే. ఈ లోటు కళాశాలలో పుట్టినది కాదు, బాల్యంలో పుట్టినది.

ఎనిమిది నుండి పన్నెండేండ్ల వయస్సు చదువరి జీవితంలో కీలకమైనది. అప్పటికి అక్షరాలు వచ్చియుండును. బొమ్మల పుస్తకం చిన్నదై పోవును. పెద్దల నవల ఇంకను అందదు. ఈ నడుమ కాలువను దాటించే వంతెన వంటిది హాస్యంతో కూడిన అద్భుత సాహస నవల. వింతలోకం, ప్రమాదకరమైన ప్రయాణం, వాటిని వెన్నంటియుండే నవ్వు అను మూడింటి కలయికయే దీని లక్షణం.

ఆంగ్లంలో ఈ శాఖ బాగుగా పెరిగినది. 1865లో లూయీ కారల్ రచించిన 'ఆలిస్', 1900లో ఫ్రాంక్ బామ్ రచించిన 'ఓజ్ మాంత్రికుడు', 1937లో టోల్కిన్ రచించిన 'హాబిట్' ఇందుకు నిదర్శనాలు. 'హాబిట్' కథానాయకుడైన బిల్బో వీరుడు కాడు; వేళకు భోజనం, వెచ్చని ఇల్లు కోరుకొనే పొట్టివాడు. డ్రాగన్ నివసించే కొండకు బయలుదేరిన తొలినాడే చేతిరుమాలు మరచి వచ్చితినని బాధపడును. చీకటి గుహలో ఒక భయంకర ప్రాణి ఎదురైనప్పుడు కత్తియుద్ధం జరుగదు. పొడుపుకథల పోటీ జరుగును. ఓడినచో ప్రాణమే పోవును. పిల్లవాడు భయపడుచునే విప్పుటకు ప్రయత్నించును. ఇదియే హాస్యం చేసే మొదటి పని: భయాన్ని తొలగించదు, భరింపదగిన కొలతకు తెచ్చును.

రెండవ పని బలవంతుని తలవంచుట. ఇందుకు మనం దూరదేశాలకు పోవలసిన అవసరం లేదు. ఉర్దూలో అమీర్ హమ్జా దాస్తాన్ ఉన్నది. 1801లో ఖలీల్ అలీ ఖాన్ అష్క్ దానిని ఉర్దూలో కూర్చెను. తరువాత లక్నోలోని నవల్ కిశోర్ ముద్రణాలయం ఆ కథాసముద్రాన్ని 46 సంపుటాలుగా వెలువరించినది. ఆ కథకు నాయకుడు హమ్జాయే. కాని పిల్లల మనస్సు దోచుకొన్నవాడు అతని చిన్ననాటి మిత్రుడు అమర్ అయ్యార్. మన ఇండ్లలో నానమ్మలు ఉమ్రో అయ్యార్ అని చెప్పేది ఇతనినే. ఇతడు రాజు కొడుకు కాడు, మహావీరుడును కాడు; పైగా పిసినారి. అతని వద్దనున్న జంబీల్ అనే సంచిలో ఎంత వేసినను నిండదు. మక్తబ్‌లో గురువును ముప్పుతిప్పలు పెట్టిన ఆ కొంటెవాడే పెద్దయిన పిమ్మట మారువేషాలతో మహామాంత్రికులను బోల్తా కొట్టించును. మాంత్రికునికి మంత్రమున్నది, రాజునకు సైన్యమున్నది. అమర్‌కు బుద్ధి ఒక్కటే ఉన్నది. ఇంటిలో, బడిలో అందరికన్న చిన్నవాడైన పిల్లవాడు తనను అమర్‌లో చూచుకొనుటలో ఆశ్చర్యమేమున్నది?

ఆధునిక ఉర్దూలో కృష్ణచందర్ (1914-1977) 'ఉల్టా దరఖ్త్' అను బాలల నవల వ్రాసెను. ఆంగ్ల జానపద కథలోని చిక్కుడుతీగ ఆకాశానికి ప్రాకినది గదా! ఇందులోని చెట్టు తలక్రిందులుగా భూమిలోనికి పెరుగును. దానిని పట్టుకొని దిగిన బాలునకు క్రింద కనిపించే వింతలోకాలు మన లోకపు అన్యాయాలకే అద్దాలు. చెట్టును తలక్రిందులు చేయుటతోనే రచయిత మన చూపునుగూడ మరల్చినాడు.

హాస్యం చేసే మూడవ పని మాటను బ్రతికించుట. ఇచ్చటనే మన వ్యాసంలోని ప్రధానాంశమున్నది. సాహసం ఒక భాష నుండి మరొక భాషకు సులభంగా ప్రయాణించును. స్టీవెన్‌సన్ 1883లో ప్రచురించిన నిధుల దీవి కథ నండూరి రామమోహనరావుగారి చేతిలో 'కాంచనద్వీపం' అయి తెలుగు పిల్లల సొంతమైనది. ఓడ, పటం, దొంగలు ఏ భాషలోనైనను ఓడ, పటం, దొంగలే. మాటలతో ఆడే నవ్వు మాత్రం అట్లు కదలదు. 1961లో వెలువడిన నార్టన్ జస్టర్ నవల 'ఫాంటమ్ టోల్‌బూత్'లో ఆంగ్ల పలుకుబడులే ఊళ్లుగా, మనుషులుగా మారును. దానిని తెనిగించబూనినవాడు ప్రతి పుటలోను చిక్కుపడును.

మనకు ఆ శక్తి లేదనరాదు. 1957 నాటి 'మాయాబజార్' నవల కాదు, చలనచిత్రం; అయినను పింగళి నాగేంద్రరావుగారి కలం అందులో చేసిన అద్భుతం చూడుడు. తెలుగువారు 'పుస్తకం గిస్తకం' అన్నట్లు ప్రతి మాటకు ఒక 'గి'కార ఛాయను జతచేయుదురు. ఆ ఛాయకే ఆయన ప్రాణం పోసిరి. కంబళి ప్రక్కన గింబళి, తల్పం ప్రక్కన గిల్పం పుట్టినవి. పెండ్లివారిని కూర్చోనీయని, పడుకోనీయని రాక్షస వస్తువులు వ్యాకరణం నుండియే ఉదయించినవి! ఇది ఎరువు తెచ్చుకొన్న మాయ కాదు, ఇంటి మాయ.

ఒకనాడు తరగతిలో ఈ విషయం చెప్పుచు, "గిల్పాన్ని ఉర్దూలో ఏమందురు?" అని అడిగితిమి. నిఘంటువు అవసరం కలుగలేదు. వెనుక బల్ల మీది విద్యార్థి లేచి, "పలంగ్ పక్కన వలంగ్ ఉంటది సార్" అన్నాడు. తరగతి అంతయు నవ్వినది. 'చాయ్ వాయ్', 'కితాబ్ వితాబ్' అను ఉర్దూ అలవాటులోని 'వ'కారాన్ని అతడు పట్టుకొన్నాడు. ఏ పుస్తకమూ చివరివరకు చదువలేదని తలవంచుకొన్నవారిలో అతడొకడు. ఆ క్షణంలో అతడు అనువాదకుడు కాదు, రచయిత. అతనికి లేనిది ప్రతిభ కాదు. పదేండ్ల వయస్సులో చేతికందవలసిన పుస్తకం.

ఆ పుస్తకం ఒకప్పుడు పత్రికల రూపంలో అందుచుండెను. 1947లో ప్రారంభమైన 'చందమామ'లో దాసరి సుబ్రహ్మణ్యంగారి 'తోకచుక్క' వంటి ధారావాహికల కోసం ఇంటిల్లిపాదియు ఎదురుచూచెడివారు. ఉర్దూ పిల్లలకు ఢిల్లీ నుండి 'ఖిలౌనా' వచ్చెడిది. నేడు ఆ రెండును లేవు. వాటి స్థానంలో చేతిలోని తెర వచ్చినది. అందులోని మాంత్రికులు చాలవరకు పరభాషలోనే నవ్వుదురు.

"ఇవన్నియు అబద్ధాలు గదా, పిల్లలు చెడిపోరా?" అని కొందరు పెద్దలు ప్రశ్నింతురు. గౌరవంతోనే సమాధానం చెప్పుచున్నాము. అబద్ధాన్ని నిజమని నమ్మినవాడు మోసపోవును. కల్పనను కల్పనగా గ్రహించినవాడే నవ్వగలడు. గిల్పాన్ని చూచి నవ్వే పిల్లవానికి తల్పం ఏదో బాగుగా తెలియును. నిజానికి, కల్పనకు గల భేదం నేర్పుటలో ఈ నవ్వును మించిన ఉపాధ్యాయుడు లేడు.

కావున కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి ఒకటి. గ్రంథాలయంలో ఒక్క అలమారను బాలల నవలలకు కేటాయింపుడు. ఉర్దూ, తెలుగు పుస్తకాలను ప్రక్కప్రక్కనే ఉంచుడు. మన విద్యార్థులు వాటిని తాము చదివి, తమ్ములకు, చెల్లెండ్లకు ఇంటికి కొనిపోవుటకు అనుమతింపుడు. ఖర్చు స్వల్పం; ఫలితం ఒక తరానిది.

విద్యార్థులారా! మీకును ఒక పని. మీ నానమ్మ చెప్పిన అయ్యార్ కథ ఒకటి తెలుగులో వ్రాయుడు. లేదా ఒక గిల్పాన్ని, ఒక వలంగ్‌ను ఒకే గదిలో ఉంచి ఆ రాత్రి ఏమి జరిగెనో ఊహింపుడు. రెండు భాషలలో నవ్వగలుగుట అందరికిని లభించే భాగ్యం కాదు, మీకు లభించినది. వచ్చే సంచికలో ఈ వ్యాసానికి బదులు మీ కథలనే చదువగోరుచున్నాము.