మోటారు సైకిలు భాగములకు ఇంటివద్ద పౌడరు పూత

మిర్చి, పత్తి చేలకు మందు డబ్బాలు మోయు మోటారు సైకిలుకు కారియరు, స్టాండు త్వరగా తుప్పు పట్టును. మంగళగిరి రైతులు వీనిని విప్పి ఇంటివద్దనే పౌడరు పూత వేసికొనవచ్చును.

పూత నిలుచుట శుభ్రతపైననే ఆధారపడును. రబ్బరు భాగములు తీసివేసి, ఇనుము మెరయువరకు ఉప్పుకాగితముతో రుద్ది, జిడ్డు తుడిచి ఆరనిచ్చి, పిమ్మట వట్టి చేతితో తాకరాదు. భాగమునకు ఎర్తు తీగ తగిలించి, విద్యుత్తు గన్నుతో పౌడరు చల్లిన అది లోహమునకు అంటుకొనును. ఎర్తు సరిగా లేనిచో పౌడరు నేలపాలే. పిదప కరెంటు ఓవెనులో కాల్చవలెను. సాధారణముగా 180 నుండి 200 డిగ్రీల సెంటిగ్రేడు. లోహము ఆ వేడికి వచ్చిన తరువాతనే డబ్బాపై వ్రాసిన నిమిషములు లెక్కింపవలెను.

ఆ ఓవెనులో మరల వంట చేయరాదు. తలగుడ్డ ముక్కుకు చుట్టుకొనుట చాలదు, దుమ్ము మాస్కు కావలెను. గాలిలో లేచిన పౌడరు నిప్పురవ్వకు పేలవచ్చును. పత్తి నిలువయున్న కొట్టములో ఈ పని తలపెట్టనే వద్దు.