ఇల్లు దానంతట అదే మారదు, మనం మార్చాలి

పిల్లలూ! ఈ పాఠంలో మూడు పనులు చేద్దాం. ఇంటికి సంబంధించిన తెలుగు మాటలు కొన్ని నేర్చుకుందాం. "మారు", "మార్చు" లాంటి జంట క్రియలను గుర్తుపట్టడం తెలుసుకుందాం. చివర్లో మీ ఇంటిని మీరే కొలిచి, ఒక పటం గీద్దాం. పెన్సిలు, టేపు దగ్గర పెట్టుకోండి.

చదవడానికి ముందు

ఒక్కసారి కళ్ళు మూసుకోండి. రాత్రి రెండు గంటలయింది అనుకోండి. మీ మంచం మీద నుంచి లేచి బాత్‌రూమ్‌కి వెళ్ళాలి. ఎన్ని అడుగులు వెయ్యాలి? మెట్లు ఉన్నాయా? దారిలో కాలికి ఏం తగులుతుంది? లైటు స్విచ్ ఎక్కడుంది? మీ పక్కన కూర్చున్నవాళ్ళకు తెలుగులో చెప్పండి.

1. వెలుగు కోసం కట్టిన ఇల్లు

గోదావరి జిల్లాల్లో, ముఖ్యంగా కోనసీమలో, ఇప్పటికీ కొన్ని మండువా ఇళ్ళు కనిపిస్తాయి. మండువా అంటే ఇంటి నడిమధ్య, పైకప్పు లేకుండా వదిలిన చోటు. చుట్టూ నాలుగు వైపులా వసారాలు, వాటి వెనక గదులు ఉంటాయి. ఇంటికప్పు నాలుగు వైపుల నుంచీ లోపలికి వాలి ఉంటుంది. వాన పడితే నీళ్ళు చూరు మీంచి మండువాలోకి జారి, తూము గుండా బయటికి పోతాయి. పగలు వెలుగు, గాలి అక్కడి నుంచే గదుల్లోకి వస్తాయి.

మండువా లేని పెంకుటిళ్ళలో ఇంకో ఉపాయం ఉండేది. కప్పు మీద ఒకటి రెండు మట్టి పెంకుల బదులు గాజు పెంకులు వేసేవాళ్ళు. చీకటి వంటింట్లోకి పొద్దున్నే ఒక వెలుగు ముక్క దిగేది.

అలాంటి ఇళ్ళను కూడా తర్వాత మార్చుకోవాల్సి వచ్చింది. పాత ఇళ్ళలో మరుగుదొడ్డి పెరట్లో దూరంగా ఉండేది. ఇంట్లో పెద్దవాళ్ళు ముసలివాళ్ళయ్యాక రాత్రిపూట అంత దూరం నడవలేరు. అందుకని గదికి ఆనుకునే బాత్‌రూమ్ కట్టించుకున్నారు. వానజల్లు, కోతులు లోపలికి రాకుండా కొందరు మండువా మీద రేకు వేయించారు. ఇల్లు పొడిగా ఉంది, కానీ చీకటి పడింది! అప్పుడు రేకు తీసి, వెలుగు దిగే పలకలు వేయించినవాళ్ళూ ఉన్నారు. ఇంట్లో ఒకటి మారిస్తే ఇంకొకటి మారుతుంది. అందుకే పని మొదలుపెట్టే ముందు బాగా ఆలోచించాలి.

2. అమ్మమ్మ మీ ఇంటికి వచ్చింది

ఇప్పుడు మీ ఇంటికి వద్దాం. మీ అమ్మమ్మ ఆరు నెలలు ఉండడానికి వచ్చింది అనుకోండి. మేడ మీద చుట్టాల గది ఆమెకు ఇచ్చారు. బాత్‌రూమ్ కింద ఉంది. ఈ సంభాషణను ఇద్దరు కలిసి గట్టిగా చదవండి.

నువ్వు: అమ్మమ్మా, కాసిని నీళ్ళు తాగు. సాయంత్రం నుంచి ఏమీ తాగలేదు నువ్వు.
అమ్మమ్మ: వద్దులే నాన్నా. తాగితే రాత్రి లేవాలి.
నువ్వు: లేస్తే ఏమయింది?
అమ్మమ్మ: చీకట్లో ఆ స్విచ్ ఎక్కడుందో తెలియదు. మెట్లు దిగాలి. మీ అమ్మని లేపాలి. పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళే పిల్ల, దాన్నెందుకు లేపడం?
నువ్వు: మరి నా గదిలో పడుకుంటావా? కిందే కదా, పక్కనే బాత్‌రూమ్.
అమ్మమ్మ: నీ గది నాకిచ్చి నువ్వెక్కడ పడుకుంటావు?
నువ్వు: పైన. నాకు మెట్లెక్కడం సరదా!

అమ్మమ్మకు దాహం వేస్తోంది. అయినా నీళ్ళు తాగడం లేదు. ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదని ఆమె ఆలోచన. చాలామంది పెద్దవాళ్ళు ఇలాగే చేస్తారు, బయటికి చెప్పరు. ఒంటికి అది మంచిది కాదు. మీ ఇల్లు పరుగెత్తే కాళ్ళకు సరిపోయింది. మెల్లగా నడిచే కాళ్ళకు ఇంకా సరిపోలేదు. ఆ సంగతి ముందుగా కనిపెట్టాల్సింది ఇంట్లో ఉన్న మీరే.

3. ముందు చూడు, చివర కొట్టు

ఇంటిని మార్చడం అనగానే సుత్తి, దుమ్ము, మేస్త్రీలు గుర్తొస్తారు. నిజానికి సుత్తి పని అన్నిటికంటే చివరిది. వరస ఇలా ఉండాలి.

చూడడం. రెండు రోజులు ఏమీ మార్చకండి. అమ్మమ్మ ఎక్కడ ఆగుతోంది? దేన్ని పట్టుకుని లేస్తోంది? ఏ గదిలో "చీకటిగా ఉందమ్మా" అంటోంది? వయసు పెరిగే కొద్దీ కంటిపాప చిన్నదవుతుంది, కంటిలోని కటకం పసుపుపచ్చగా తిరుగుతుంది. అందుకే మీకు సరిపోయే దీపం అమ్మమ్మకు చాలదు.

ఎండ ఎటు నుంచి వస్తోందో కూడా చూడండి. అమెరికాలో, ఇంగ్లండులో చలికాలం ఎండ దక్షిణం కిటికీల్లోంచి వస్తుంది. దక్షిణాఫ్రికాలో ఉన్నవాళ్ళకు ఉత్తరం కిటికీల్లోంచి వస్తుంది. మలేషియా భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తి మీదే ఉంటాడు. గల్ఫ్‌లో పడమటి కిటికీలోంచి సాయంత్రం ఎండ చురుక్కుమంటుంది, అక్కడ తెర కావాలి.

జరపడం. దీనికి డబ్బు అక్కర్లేదు. అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళు కూడా చెయ్యొచ్చు. అమ్మమ్మ కుర్చీని కిటికీ దగ్గరికి జరపండి. కిటికీకి అడ్డంగా ఉన్న అలమారను పక్క గోడకు జరపండి. దారిలో ముడతలు పడే చాపలు, చిన్న తివాచీలు తీసెయ్యండి. రోజూ వాడే పప్పుల డబ్బాలు, తాలింపు గిన్నె పై అరలోంచి చేతికందే అరలోకి దించండి. పీట వేసుకుని పైకెక్కే పని ఆమెకు ఉండకూడదు.

అమర్చడం. చిన్న చిన్న వస్తువులు కొని పెట్టే పని ఇది. మంచం నుంచి బాత్‌రూమ్ దాకా రాత్రి దీపాలు పెట్టండి. మనిషి కదిలితే వాటంతట అవే వెలిగేవి దొరుకుతాయి. బాత్‌రూమ్ గోడకు పట్టుకునే కడ్డీ బిగించమని నాన్నను అడగండి. తువ్వాలు ఆరేసే కడ్డీ మనిషి బరువు ఆపదు, జాగ్రత్త. అమ్మమ్మకు బకెట్టు, చెంబు అలవాటైతే కూర్చోవడానికి జారని ఎత్తు పీట ఒకటి పెట్టండి. గోడలకు, పైకప్పుకు తెల్లటి రంగు వేస్తే ఉన్న వెలుగే గది అంతా పరుచుకుంటుంది.

పగలగొట్టడం. పై మూడూ చేశాక కూడా ఇబ్బంది ఉంటేనే ఇది. ఇరుకు గుమ్మాన్ని వెడల్పు చెయ్యడం, వంటింటికీ హాలుకూ మధ్య గోడ తియ్యడం లాంటివి. కొన్ని గోడలు కప్పు బరువును, పై అంతస్తు బరువును మోస్తాయి. చూస్తే అన్ని గోడలూ ఒకేలా కనిపిస్తాయి. ఏది బరువు మోసే గోడో ఇంజనీరు చెప్పాలి. ఖర్చు కూడా అనుకున్నంతలో ఆగదు. "ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అనే సామెత ఊరికే పుట్టలేదు!

కొత్త మాటలు

గడప: గుమ్మం కింద అడ్డంగా ఉండే కొయ్య. పండగ రోజు పసుపు రాసి బొట్లు పెట్టేది దీనికే.
వసారా: గదుల ముందు కప్పు కింద ఉండే, గోడలు లేని చోటు.
చూరు: గోడ దాటి ముందుకు వచ్చిన ఇంటికప్పు అంచు.
తూము: నీళ్ళు బయటికి పోయే దారి.
ఇరుకు: చోటు తక్కువగా ఉండడం. దీనికి వ్యతిరేకం విశాలం.
మేస్త్రీ: గోడలు కట్టే పనివాడు. కొయ్య పని చేసేవాడు వడ్రంగి.

భాష తెలుసుకుందాం

ఈ రెండు వాక్యాలు చూడండి.

గోడ కూలింది.
గోడను కూల్చారు.

మొదటిది వింటే "అయ్యో, ఎవరికైనా దెబ్బ తగిలిందా?" అని అడుగుతాం. రెండోది వింటే "ఎందుకు? ఏం కడుతున్నారు?" అని అడుగుతాం. మొదటి వాక్యంలో పని దానంతట అదే జరిగింది. రెండో వాక్యంలో ఎవరో కావాలని చేశారు. తెలుగులో ఇలాంటి జంటలు చాలా ఉన్నాయి.

మారు, మార్చు: గది మారింది. గదిని మార్చాం.
జరుగు, జరుపు: మంచం జరిగింది. మంచాన్ని జరిపాం.
తిరుగు, తిప్పు: కుర్చీ కిటికీ వైపు తిరిగింది. కుర్చీని కిటికీ వైపు తిప్పాం.
వెలుగు, వెలిగించు: దీపం వెలిగింది. దీపాన్ని వెలిగించాం.
నిండు, నింపు: గది వెలుగుతో నిండింది. తెల్ల రంగు గదిని వెలుగుతో నింపింది.
పగులు, పగలగొట్టు: గోడ పగిలింది. గోడను పగలగొట్టారు.

ఒక తమాషా కూడా ఉంది. "ఇల్లు మారాం" అంటే ఉన్న ఇల్లు వదిలి వేరే ఇంటికి వెళ్ళాం అని అర్థం. "ఇంటిని మార్చుకున్నాం" అంటే ఉన్న ఇంటినే మనకు తగ్గట్టు చేసుకున్నాం అని అర్థం.

అభ్యాసం 1: ఖాళీలు నింపండి

1. అమ్మమ్మ కోసం మంచాన్ని గోడ వైపు ________. (జరిగాం / జరిపాం)
2. తలుపు తియ్యగానే దీపం దానంతట అదే ________. (వెలిగింది / వెలిగించింది)
3. గాలివానకు పాత గోడ ________. (కూలింది / కూల్చింది)
4. నాన్న వంటింటి రంగు ________. (మారాడు / మార్చాడు)

అభ్యాసం 2: లెక్క చెయ్యండి

చక్రాల కుర్చీ సులువుగా పట్టాలంటే తలుపు తెరిచాక కనీసం 32 అంగుళాల దారి ఉండాలి. మీ ఇంట్లో ఎన్ని తలుపులకు అంత వెడల్పు ఉంది? కొలిచి రాయండి.

మెట్ల బదులు వాలుదారి కట్టాలంటే 1 అంగుళం ఎత్తుకు 12 అంగుళాల పొడవు కావాలి. మీ గుమ్మం ముందు 7 అంగుళాల మెట్లు రెండు ఉన్నాయి అనుకోండి. వాలుదారి ఎన్ని అడుగుల పొడవు ఉండాలి? మీ ఇంటి ముందు అంత చోటు ఉందా?

అభ్యాసం 3: అడిగి తెలుసుకోండి

అమ్మమ్మకు గానీ, నాయనమ్మకు గానీ, తాతయ్యకు గానీ ఫోన్ చెయ్యండి. ఈ మూడు ప్రశ్నలు తెలుగులోనే అడగండి.

1. మీరు చిన్నప్పుడు ఉన్న ఇంట్లోకి వెలుగు ఎటు నుంచి వచ్చేది?
2. ఆ ఇంటిని తర్వాత ఎలా మార్చారు? ఎందుకు మార్చారు?
3. మా ఇంటికి వచ్చినప్పుడు మీకు ఏది ఇబ్బందిగా ఉంటుంది?

మూడో ప్రశ్నకు "ఏమీ లేదమ్మా, అంతా బాగానే ఉంది" అనే జవాబు రావచ్చు. అలా అంటే వదలకండి. "రాత్రి లేస్తే ఇబ్బందా? మెట్లా? బాత్‌రూమా?" అని ఒక్కొక్కటే అడగండి.

అభ్యాసం 4: పటం గీయండి

మీ ఇంటి పటం గీసి గదుల పేర్లు తెలుగులో రాయండి. కిటికీలను పసుపు రంగుతో, రాత్రి నడిచే దారిని ఎర్ర గీతతో చూపించండి. మీరు ఒక్కటి మార్చగలిగితే ఏం మారుస్తారు? ఎవరి కోసం? 5 వాక్యాలు రాయండి. కనీసం మూడు వాక్యాల్లో పైన నేర్చుకున్న జంట క్రియలు ఉండాలి. వచ్చే వారం తరగతికి పటం తీసుకురండి. అది గోడకు అంటించే ముందు ఇంట్లో అమ్మకు, నాన్నకు చూపించడం మర్చిపోకండి.