పెద్దల మందుల సంచి, పెద్దల ఎముకలు

మూడేళ్ల క్రితం చలికాలంలో మా ఫుప్పమ్మ, అంటే మా నాన్నగారి అక్క, ఫజర్ నమాజుకు వజూ చేసుకోవడానికి లేచి తడి గచ్చు మీద జారిపడ్డారు. ఎత్తు మీంచి పడలేదు, నిలుచున్న చోటే పడ్డారు. అయినా తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రిలో డాక్టరు ఎక్స్‌రే చూసి, "ఈమె వాడే మందులన్నీ తీసుకురండి" అన్నారు. సంచి తెచ్చి మంచం మీద కుమ్మరించాం. బీపీ మాత్రలు, గ్యాస్ మాత్రలు, నిద్రమాత్రలతో పాటు చిన్న తెల్లని మాత్రలు కూడా ఉన్నాయి. కీళ్ల నొప్పులకని ఎవరో ఇస్తే, గుణం కనిపించిందని రెండేళ్లుగా వాడుతున్నారు. ఖాళీ స్ట్రిప్పు చూపించి దుకాణంలో కొనితెచ్చింది నేనే. అవి స్టెరాయిడ్ మాత్రలని ఆ రోజే తెలిసింది. ఆ రెండేళ్లలో ఆమె ముఖం గుండ్రంగా నిండితే "ఒళ్లు కోలుకుంది" అని మేమంతా సంతోషించాం. అదీ ఆ మాత్ర వల్లనేనట.

నేను డాక్టరును కాను, బడిలో పాఠాలు చెప్పుకునే మనిషిని. ఆ తర్వాత డాక్టర్లను అడిగి, చదివి తెలుసుకున్నది మీతో పంచుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

ఎముక లోపల జరిగేది

ఎముక రాయి లాంటిది కాదు. మన ఒంట్లో ఒక రకం కణాలు పాత ఎముకను తొలుస్తుంటే, మరో రకం కణాలు ఆ చోట కొత్త ఎముకను కడుతుంటాయి. దాదాపు ముప్పై ఏళ్ల దాకా కట్టుబడి ఎక్కువ. ఆ తర్వాత మెల్లగా తరుగుదల మొదలవుతుంది. ఆడవారికి ముట్లుడిగిన తర్వాత కొన్నేళ్ల పాటు ఈ తరుగుదల వేగంగా సాగుతుంది. ఎముక గుల్లబారుతున్నా నొప్పి ఉండదు. చాలామందికి మొదటి సూచన మణికట్టో, వెన్నుపూసో, తుంటో విరగడమే.

ఎముకను బలహీనపరిచే మందులు

వీటిలో మొదట చెప్పుకోవలసింది స్టెరాయిడ్ మాత్ర. ఇది ఎముకను కట్టే కణాలను అణచివేస్తుంది. బ్రిటన్‌లో స్టెరాయిడ్ మాత్రలు వాడిన 2,44,235 మంది వైద్య రికార్డులను పరిశీలించి 2000లో ఫలితాలు ప్రకటించారు. వాడనివారితో పోలిస్తే వీరిలో తుంటి విరగడం ఒకటిన్నర రెట్లకు పైగా, వెన్నుపూస విరగడం రెండున్నర రెట్లకు పైగా ఎక్కువ. మోతాదు పెరిగే కొద్దీ ప్రమాదం పెరిగింది. మొదలుపెట్టిన కొద్ది నెలల్లోనే కనిపించింది, ఆపాక తగ్గుతూ వచ్చింది.

అలాగని స్టెరాయిడ్ చెడ్డ మందు కాదు. ఉబ్బసంలో, కొన్ని రకాల కీళ్లవాతంలో ప్రాణం నిలిపే మందు. డాక్టరు పర్యవేక్షణ లేకుండా నెలల తరబడి వాడటమే తప్పు. మరొక మాట. చాలాకాలం వాడిన స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపకూడదు, అది ప్రాణాపాయం. డాక్టరు చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించాలి.

గ్యాస్ మాత్రల సంగతి వేరు. ఏడాదికి మించి వాడినవారిలో తుంటి ఎముక విరగడం ఎక్కువగా ఉందని 2006లో బ్రిటన్ రికార్డుల పరిశీలన ఒకటి చెప్పింది. అయితే 2019లో వెలువడిన పెద్ద ప్రయోగంలో 17 వేలకు పైగా గుండె రోగులలో కొందరికి పాంటోప్రజోల్, మిగిలినవారికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి దాదాపు మూడేళ్లు చూశారు. ఎముకలు విరగడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. రికార్డులలో ఒక మందు, ఒక జబ్బు కలిసి కనిపించినంత మాత్రాన ఆ మందే కారణమని తేల్చలేమని దీన్నిబట్టి తెలుస్తుంది. కాబట్టి భయం వద్దు. కానీ అవసరం తీరాక కూడా అలవాటుగా మింగడమూ వద్దు.

మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, షుగరుకు వాడే పయోగ్లిటజోన్ కూడా ఎముకల మీద ప్రభావం చూపుతాయి. నిద్రమాత్రలు ఎముకను తినవు, మనిషిని తూలిపడేలా చేస్తాయి. బీపీ మాత్రల మోతాదు ఎక్కువైతే లేవగానే కళ్లు తిరుగుతాయి. గుల్లబారిన ఎముకకు ఆ ఒక్క పడిపోవడం చాలు.

ఎముకను కాపాడే మందులు

అలెండ్రోనేట్ అనే మాత్ర ఎముకను తొలిచే కణాలకు కళ్లెం వేస్తుంది. అప్పటికే వెన్నుపూస విరిగిన 2,027 మంది స్త్రీల మీద జరిపిన ప్రయోగం ఫలితాలు 1996లో వచ్చాయి. ఈ మందు తీసుకున్నవారిలో తుంటి విరగడం దాదాపు సగానికి తగ్గింది. ఏడాదికి ఒక్కసారి నరానికి ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ తుంటి విరగడాన్ని 41 శాతం తగ్గించిందని 2007లో తేలింది.

అలెండ్రోనేట్ వాడే పద్ధతి ముఖ్యం. పొద్దున్నే పరగడుపున, గ్లాసు నిండా మామూలు నీళ్లతో మింగాలి. అరగంట దాకా టీ కూడా తాగకూడదు, పడుకోకూడదు. లేకపోతే గొంతు కింద అన్నవాహికలో పుండు పడవచ్చు. వారానికోసారి మాత్ర వాడేవారు రంజాన్‌కు ముందే డాక్టరును అడిగి వేళ నిర్ణయించుకోవాలి. ఆరు నెలలకోసారి తీసుకునే డెనోసుమాబ్ ఇంజెక్షను మొదలుపెట్టినవారు డాక్టరుకు చెప్పకుండా మానకూడదు. ఆపితే ఎముక వేగంగా తరిగి, వెన్నుపూసలు విరిగే ప్రమాదముంది.

విటమిన్ డి: ఎంత వరకు?

ఫ్రాన్స్‌లో వృద్ధాశ్రమాల్లోని 3,270 మంది స్త్రీల మీద జరిగిన ప్రయోగం 1992లో వెలువడింది. రోజూ కాల్షియం, 800 యూనిట్ల విటమిన్ డి తీసుకుని ఏడాదిన్నర పూర్తి చేసినవారిలో తుంటి విరగడం 43 శాతం తక్కువ. ఎండ తగలనివారికి, లోపం ఉన్నవారికి ఇది మేలు చేస్తుంది. ఇల్లు కదలలేని పెద్దలు, ఒళ్లంతా కప్పుకుని తిరిగే స్త్రీలు ఈ కోవలోకి రావచ్చు. అమెరికాలో 25,871 మంది మీద జరిగిన ప్రయోగం 2022లో మరో సంగతి చెప్పింది. లోపం ఉందో లేదో చూడకుండా సాధారణ ఆరోగ్యవంతులకు ఇస్తే ఎముకలు విరగడం తగ్గలేదు.

ఎక్కువైతే ఏమవుతుంది? ఆస్ట్రేలియాలో 70 దాటిన 2,256 మంది స్త్రీలలో కొందరికి ఏడాదికోసారి ఒకేసారి 5 లక్షల యూనిట్లు ఇచ్చారు. 2010లో వచ్చిన ఫలితం అందరినీ ఆశ్చర్యపరిచింది. మందు తీసుకున్నవారిలో పడిపోవడం 15 శాతం, ఎముకలు విరగడం 26 శాతం పెరిగాయి. మన ఊళ్లలో 60 వేల యూనిట్ల పొడి ప్యాకెట్ వారానికోటి చొప్పున రాస్తారు, అదీ కొన్ని వారాలకే. ఆ పాత చీటీతోనే ఏడాదంతా కొని తాగితే 31 లక్షల యూనిట్లు దాటుతుంది.

మనం చేయవలసింది

ఇంట్లో పెద్దల మందులన్నీ ఒక కాగితం మీద రాయండి. మందు పేరు, మోతాదు, ఎప్పటి నుంచి, ఎవరు రాశారు అన్నవి ఉండాలి. ఆకు మందులు, పొట్లాలలో ఇచ్చినవి కూడా చేర్చండి. ఆరు నెలలకోసారైనా ఆ సంచినీ కాగితాన్నీ డాక్టరుకు చూపించండి. మీ అంతట మీరు ఏదీ ఆపవద్దు, ఏదీ పొడిగించవద్దు. స్టెరాయిడ్ మూడు నెలలకు మించి వాడవలసి వస్తే ఎముకల సాంద్రత చూసే డెక్సా పరీక్ష అవసరమా అని అడగండి. వజూ చేసే చోట, స్నానాల గదిలో పట్టుకోవడానికి కమ్మీ, జారని పట్టా, రాత్రి వెలిగే చిన్న బల్బు పెట్టించండి.

దాతలకు ఒక విన్నపం. తుంటి విరిగిన పేదవారు ఆపరేషనుకు సాయం అడిగితే మనం ఆలోచించకుండా ఇస్తాం, ఇవ్వాలి కూడా. దానితో పాటు విరగక ముందు చేయగలిగిన సాయమూ ఉంది. ఉచిత వైద్య శిబిరం పెట్టినప్పుడు పెద్దలను మందుల సంచితో రమ్మనండి. ఆ సంచి చూసి చెప్పడానికి ఒక డాక్టరునో, ఫార్మసిస్టునో ప్రత్యేకంగా కూర్చోబెట్టండి. మందులు పంచేటప్పుడు ఎన్నాళ్లు వాడాలో, ఎప్పుడు ఆపాలో తెలుగులోనూ ఉర్దూలోనూ రాసివ్వండి. ఒక ఆపరేషను ఖర్చుతో పోలిస్తే దీనికయ్యేది చాలా తక్కువ.

మా ఫుప్పమ్మ ఇప్పుడు వాకరు పట్టుకుని నడుస్తున్నారు, కుర్చీలో కూర్చుని నమాజు చేసుకుంటున్నారు. ఆమె మందుల కాగితం ఫ్రిజ్ తలుపుకు అంటించి ఉంది. ఆ పని రెండేళ్లు ముందే చేసి ఉండవలసిందని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను. మీ ఇంట్లో ఆ ఆలస్యం జరగకూడదనే ఇదంతా రాశాను.