రేసు కారులో ఆయిల్ ఎప్పుడు మార్చాలి?

“ఆయిల్ నల్లబడింది, మార్చెయ్యాలి!” మోటారు షెడ్డుల్లో ఈ మాట మీరు వినే ఉంటారు. మెకానిక్ డిప్‌స్టిక్ పైకి లాగి, దాని చివరి చుక్కను వేళ్ల మధ్య రుద్ది చూసి తీర్పు చెబుతాడు. మరికొందరు “ఇన్ని వేల కిలోమీటర్లు తిరిగింది కాబట్టి మార్చాలి” అంటారు. ఊళ్లో తిరిగే కారుకు ఈ రెండో లెక్క చాలావరకు సరిపోతుంది. కాని రేసు ట్రాక్ మీద పరుగెత్తే కారుకు రంగూ చాలదు, కిలోమీటర్లూ చాలవు. మరి దేన్నిబట్టి నిర్ణయించాలి? తెలుసుకుందాం.

ఆయిల్ చేసే పని

ఇంజనులో పిస్టన్లు పైకీ కిందికీ కదులుతూ క్రాంక్ షాఫ్టును తిప్పుతాయి. ఆ షాఫ్టు బేరింగుల మధ్య తిరుగుతుంది. నిమిషానికి 6000 చుట్లు అంటే సెకనుకు 100 చుట్లు! ఇంత వేగంలో లోహం లోహాన్ని ఒరుసుకుంటే ఏమవుతుంది? కొద్ది క్షణాల్లో రెండూ వేడెక్కి అతుక్కుపోతాయి. ఇంజను ‘సీజ్’ అయిందని మెకానిక్కులు చెప్పేది దీన్నే.

ఇలా జరగకుండా కాపాడేది ఒక పలుచని ఆయిల్ పొర. 1883లో బ్యూచాంప్ టవర్ అనే ఇంగ్లీషు ఇంజనీరు రైలు ఇరుసుల బేరింగులను పరీక్షిస్తున్నాడు. నూనె పోయడానికని బేరింగు పైన ఒక రంధ్రం చేశాడు. ఇరుసు తిరగగానే ఆ రంధ్రంలోంచి నూనె పైకి ఉబికి వచ్చింది. బెండు బిరడా పెట్టాడు, నూనె దాన్ని తోసేసింది. చెక్క బిరడా బిగించాడు, అదీ ఊడింది! తిరిగే ఇరుసే నూనెను ఇరుకు సందులోకి ఈడ్చుకుపోతుందనీ, అక్కడ పుట్టే పీడనమే బరువును మోస్తుందనీ 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ లెక్కలు కట్టి చూపాడు.

ఈ పొర నిలబడాలంటే నూనెకు తగినంత చిక్కదనం ఉండాలి. శాస్త్రజ్ఞులు దీన్ని స్నిగ్ధత అంటారు. స్నిగ్ధత తగ్గితే పొర పలుచబడుతుంది.

చేసి చూడండి

రెండు పొడుగాటి గాజు సీసాల్లో సమానంగా ఆముదం పోయండి. ఒక సీసాను వేడినీళ్ల గిన్నెలో కాసేపు ఉంచండి (పెద్దవాళ్లను దగ్గర ఉండమనండి). సైకిలు చక్రంలో ఉండే చిన్న ఉక్కు గుండ్లు రెండు తీసుకుని, ఒక్కొక్క సీసాలో ఒక్కొక్కటి వదలండి. ఏది ముందుగా అడుగుకు చేరింది? వేడి ఆముదంలోదే. వేడి స్నిగ్ధతను తగ్గిస్తుందన్నమాట. ఒకప్పుడు రేసు కార్లలోనూ, మొదటి ప్రపంచయుద్ధం నాటి విమానాల్లోనూ ఇంజనుకు ఈ ఆముదమే వాడేవారు.

కిలోమీటర్లు ఎందుకు చాలవు?

చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఒక రేసు ట్రాక్ ఉంది. దాని చుట్టు పొడవు 3.717 కిలోమీటర్లు. 36 చుట్లు కొడితే సుమారు 134 కిలోమీటర్లు, అంటే ఇంచుమించు చెన్నై నుంచి తిరుపతికి ఉన్నంత దూరం. రెండు ప్రయాణాల్లోనూ కారు మీటరు మీద ఒకే అంకె పడుతుంది. ఇంజనుకు మాత్రం రెండూ ఒకటి కావు.

తిరుపతి దారిలో లీటరుకు 15 కిలోమీటర్లు వస్తుందనుకుందాం. సుమారు 9 లీటర్ల పెట్రోలు ఖర్చవుతుంది. ట్రాక్ మీద అదే కారు లీటరుకు 4 కిలోమీటర్లే ఇస్తే 33 లీటర్లు దాటుతుంది. మండిన పెట్రోలులో ఎక్కువ భాగం వేడిగానే మారుతుంది. ఆ వేడిలో కొంత ఆయిల్ మోయక తప్పదు.

రోడ్డు మీద ఆయిల్ వేడి 100 డిగ్రీల దగ్గర ఉంటే ట్రాక్ మీద 130 డిగ్రీలకు చేరవచ్చు. 30 డిగ్రీలే కదా అనుకోకండి. ప్రతి 10 డిగ్రీలకూ ఆక్సీకరణం సుమారు రెట్టింపవుతుందని ఒక స్థూల సూత్రం. 30 డిగ్రీలకు 2 × 2 × 2, అంటే ఎనిమిది రెట్లు! అందుకే ట్రాక్ కారుకు కిలోమీటర్లు కాక, ట్రాక్ మీద నడిచిన గంటలు లెక్కపెడతారు.

రంగు ఎందుకు మోసం చేస్తుంది?

ఇంజన్ ఆయిల్ ఉత్త నూనె కాదు. మసిని కడిగే పదార్థాలు, ఆ మసి ముద్ద కట్టకుండా విడివిడిగా తేలేటట్లు చేసే పదార్థాలు అందులో కలుపుతారు. బట్టలు ఉతికిన సబ్బునీళ్లు మురికిగా కనిపిస్తే సబ్బు పని చేసిందనే కదా అర్థం! నల్లబడిన ఆయిల్ కూడా అలాగే తన పని చేస్తూ ఉండవచ్చు. మరోవైపు, చూడటానికి తేటగా ఉన్న ఆయిల్‌లో పెట్రోలు కలిసి స్నిగ్ధత పడిపోయి ఉండవచ్చు. కంటికి ఆ తేడా తెలియదు.

ఆయిల్‌కు రక్తపరీక్ష

డాక్టరు రక్తం తీసి పరీక్షించినట్లే ఆయిల్‌నూ పరీక్షించవచ్చు. ఇంజను వేడిగా ఉన్నప్పుడు కొద్దిగా ఆయిల్‌ను శుభ్రమైన సీసాలో పట్టి ప్రయోగశాలకు పంపుతారు. అక్కడ స్పెక్ట్రోమీటరు అనే పరికరంలో దాన్ని తీవ్రమైన వేడికి గురిచేస్తారు. దీపావళి మతాబుల్లో స్ట్రాన్షియం ఎర్రగా, బేరియం పచ్చగా వెలుగుతాయి కదా! అలాగే ప్రతి మూలకమూ తనదైన కాంతిని వెలువరిస్తుంది. ఆ కాంతిని బట్టి, పది లక్షల భాగాల్లో ఒక భాగం లోహం ఉన్నా పట్టుకోవచ్చు.

ఇనుము ఎక్కువైతే సిలిండరో, షాఫ్టో అరుగుతున్నదని, అల్యూమినియం అయితే పిస్టన్ అరుగుతున్నదని అనుమానించాలి. రాగి, సీసం, తగరం బేరింగుల గుర్తులు. సిలికాన్ కనిపిస్తే గాలి ఫిల్టరు దాటి దుమ్ము లోపలికి వస్తున్నదేమో చూడాలి.

ఇప్పుడు మీరే తీర్పు చెప్పండి. ఒక కారులో 40 గ్రేడు ఆయిల్ పోశారనుకోండి. ఈ గ్రేడుకు 100 డిగ్రీల దగ్గర స్నిగ్ధత కనీసం 12.5 సెంటిస్టోకులు ఉండాలి. ఊహించిన ఫలితాలు ఇవి:

కొత్త ఆయిల్: స్నిగ్ధత 14.5
3 గంటల తర్వాత: స్నిగ్ధత 13.6, ఇనుము 12, సీసం 2
6 గంటల తర్వాత: స్నిగ్ధత 12.9, ఇనుము 24, సీసం 4
9 గంటల తర్వాత: స్నిగ్ధత 12.2, ఇనుము 38, సీసం 15

మొదటి ఆరు గంటల్లో ఇనుము గంటకు 4 చొప్పున, సమంగా పెరిగింది. అది మామూలు అరుగుదల. సీసం సంగతి చూడండి. మొదటి ఆరు గంటల్లో 4, చివరి మూడు గంటల్లోనే 11! సరిగ్గా ఆ మూడు గంటల్లోనే స్నిగ్ధత 12.5 కంటే కిందికి దిగింది. పొర పలుచబడి బేరింగు అరగడం మొదలైందన్నమాట. కాబట్టి ఈ కారుకు, ఈ ట్రాక్ మీద, ఆరు గంటలకు ఆయిల్ మార్చాలి. ఒక్క పరీక్షతో ఇది తెలిసేది కాదు. వరసగా చేసిన పరీక్షల్లో అంకెలు ఎలా మారాయన్నదే అసలు సాక్ష్యం.

ఇంకొక హెచ్చరిక. తొమ్మిది గంటల ఫలితం చూశాక ఆయిల్ మార్చి ఊరుకుంటే చాలదు. కొత్త ఆయిల్‌లో సీసం కనిపించదు. జబ్బు గుర్తు పోయింది, జబ్బు పోలేదు! బేరింగు విప్పి చూడవలసిందే.

పరీక్షల మధ్యకాలంలో

ప్రతి పరుగుకు ముందు డిప్‌స్టిక్ చూడాలి. అదే వేడి, అదే వేగం దగ్గర ఆయిల్ పీడనం మునుపటికన్నా తగ్గినా, ఆయిల్‌లో పెట్రోలు వాసన వచ్చినా, పొయ్యకుండానే మట్టం పెరిగినా కారణం వెతకాలి. ఇంజను ఒకసారి విపరీతంగా వేడెక్కితే గంటల లెక్కతో పని లేదు, ఆయిల్ వెంటనే మార్చాలి.

అలాగని ప్రతి పరుగుకూ మార్చడం తెలివి కాదు. డబ్బు వృథా, పాత ఆయిల్ పెరుగుతుంది. అది నీటికీ నేలకూ విషం. కాలువలో పొయ్యకుండా, తిరిగి శుద్ధి చేసేవారికి అప్పగించాలి.

ఆలోచించండి

1. ఒక కారు ఆయిల్‌లో ఇనుము 5 గంటలకు 30, 8 గంటలకు 48 ఉంది. అరుగుదల వేగం పెరిగిందా?
2. పొయ్యకుండానే ఆయిల్ మట్టం పెరిగింది. అందులో ఏది కలిసి ఉండవచ్చు? స్నిగ్ధత ఏమవుతుంది?
3. మీ ఇంటి మోటారు సైకిలుకు ఆయిల్ ఎప్పుడు మార్చాలని దానితో ఇచ్చిన పుస్తకంలో ఉంది? కిలోమీటర్లతో పాటు నెలలు కూడా ఎందుకు రాశారు?