మీటుబిళ్ల

కామారెడ్డి జిల్లాలోని నాగిరెడ్డిపేట మండలమున పోచారము అను గ్రామము కలదు. ఆలేరు వాగునకు అడ్డముగా 1916-1922 సంవత్సరముల నడుమ కట్టిన ఆనకట్టచే అచట విశాలమైన జలాశయము ఏర్పడినది. ఉద్యోగ విరమణ చేసిన తరువాత ప్రతిదినము సాయంకాలమున ఆ కట్టవైపు నడచుట నాకు అలవాటయ్యెను. నీటిమీదుగా వచ్చు చల్లగాలి, ఆవలి అడవి, గూళ్లకు చేరు పక్షుల కలకలము, ఇవి నాకు నిత్యము లభించు సంపద. ఒకనాడు ఆ కలకలము నడుమ తీగ తెగిన చప్పుడొకటి వినవచ్చెను.

తిరిగి చూచితిని. మా వీధిలోని బాలుడొకడు గిటారును ఒడిలో పెట్టుకొని కూర్చుండియుండెను. అతడు ఎనిమిదవ తరగతి విద్యార్థి. అతని అన్న దుబాయిలో కూలిపని చేయుచు, క్రిందటి ఏడు సెలవులకు వచ్చినపుడు తమ్మునికి ఆ గిటారును తెచ్చియిచ్చెను. సన్నని తీగ తెగుట ఆ నెలలో అది మూడవసారి. బాలుని కన్నులలో నీరు నిలిచియుండెను.

నేను వానిని ఓదార్పవలసినది. కాని నా నాలుకకు ముప్పది యేండ్ల ఉపాధ్యాయవృత్తి అలవాటు చేసిన మాటయే వచ్చెను. "శ్రద్ధ లేని చేతిలో ఏ వస్తువు నిలుచును? మీ అన్న కష్టము నీకు తెలియదా?" అంటిని. బాలుడు తలవంచుకొని, "నా చేయి మంచిది కాదు సార్. రేపు అమ్మ దీనిని అమ్మివేయుదునన్నది" అని మెల్లగా పలికెను.

ఇంటికి పోయితినే గాని ఆ మాట నన్ను విడువలేదు. చేయి మంచిది కాదని ఎనిమిదవ తరగతి బాలుడు తనకు తానే తీర్పు చెప్పుకొనుట ఎంత కష్టమైన విషయము! మరునాడు ఉదయముననే వారి ఇంటికి పోతిని. అతని తల్లి, "సారూ, పెద్దవాడు ఎండలో చెమటోడ్చి పంపిన పైసలు తీగలకే పోవుచున్నవి. ఇక చాలు" అన్నది. "అమ్మా, ఒక్క దినము ఆగుము" అని నేను బాలుని వాయింపుమంటిని. అప్పుడు వాని వ్రేళ్ల నడుమ మెరయుచున్న వస్తువును చూచితిని. అది రూపాయి నాణెము.

"ఇదేమిరా?" అని అడిగితిని. ఇంగ్లండు దేశమున బ్రయన్ మే అను ప్రసిద్ధ గిటారు విద్వాంసుడు ఆరుపెన్నీల నాణెముతో వాయించునని బాలుడు ఎక్కడనో వినియుండెను. ఆ మాట నిజమే. కాని ఆ విద్వాంసుడు దీర్ఘసాధనచే ఆ నాణెమును ఎంత తేలికగా పట్టవలెనో, ఏ కోణమున తాకింపవలెనో ఎరిగినవాడు. మన బాలుడు ఉక్కు నాణెమును పిడికిలి బిగించి పట్టి, ఉక్కు తీగపై బలముగా కొట్టుచుండెను. గట్టి అంచు పదే పదే ఒకేచోట తగిలినచో సన్నని తీగ అరిగి తెగుట వింత కాదు. దోషము చేతిది కాదు, చేతిలోని వస్తువుది.

విద్యార్థులారా! తీగను మీటుటకు ఉపయోగించు ఆ చిన్న బిళ్లను గిటారువారు పిక్ అందురు. మీటెడు బిళ్ల గనుక మనము దానిని మీటుబిళ్ల యని చెప్పుకొందము. ఇట్టి సాధనము మనకు క్రొత్త కాదు. వీణాదులను వాయించు సాధనమునకు అమరకోశమున కోణము అను పేరు కలదు. వీణ వాయించువారు కొందరు తమ గోళ్లతోనే మీటుదురు. కొందరు చూపుడు వ్రేలికి, నడిమి వ్రేలికి తీగతో చుట్టిన నఖులను తొడుగుకొందురు. ప్రక్కనుండు మూడు తాళపు తీగలను చిటికెనవ్రేలితో మీటుదురు. సితారు విద్వాంసులు చూపుడువ్రేలికి మిజ్రాబు అను ఉక్కుతీగ ఉంగరమును ధరింతురు. సరోదు వాయించువారు కొబ్బరిచిప్పను అరగదీసి చేసిన జవా అను బిళ్లను పట్టుదురు. అరబ్బు దేశముల ఊద్ వాద్యమునకు పూర్వము గ్రద్ద ఈకను వాడెడివారు. మన తెలంగాణపు కిన్నెరను వ్రేళ్లతోనే మీటుదురు. పండ్రెండు మెట్ల కిన్నెరను వాయించు దర్శనం మొగిలయ్యగారికి 2022వ సంవత్సరమున పద్మశ్రీ పురస్కారము లభించిన సంగతి మీలో పెక్కుమందికి తెలియును. వాద్యము వేరైనపుడు మీటు సాధనమును వేరగును. ఏది గొప్ప, ఏది తక్కువ అను ప్రశ్న ఇచట పుట్టదు. ఏది దేనికి తగును అనుటయే ప్రశ్న.

ఇక ఈ బిళ్ల చేయు పని యేమో చూతము. అది తీగను కొట్టదు. తీగను ఒక ప్రక్కకు నెట్టి, క్షణకాలము పట్టి, విడిచిపెట్టును. విడువబడిన తీగ కంపించును. ఆ కంపనములో మూలస్వరముతోపాటు దానికంటె హెచ్చైన అతిస్వరములు కూడ కలిసియుండును. బిళ్ల కొన సన్నగా, గట్టిగా ఉన్నచో అతిస్వరములు హెచ్చి ధ్వని తీక్ష్ణమగును. కొన గుండ్రముగా, మెత్తగా ఉన్నచో అవి తగ్గి ధ్వని మృదువగును. మీటు స్థలమును బట్టి కూడ ఇట్టి భేదము కలుగును. తీగ కొసయైన గుఱ్ఱమునకు దగ్గరగా మీటిన ధ్వని పదునెక్కును. నడిమికి దగ్గరగా మీటిన గుండ్రబడును. మీ ఇంట గిటారు లేకున్నను, రెండు మేకుల నడుమ బిగించిన తీగపై ఈ విషయమును మీరే పరీక్షింపవచ్చును.

బిళ్లను ఎన్నుకొనుటలో మొదట చూడవలసినది మందము. దీనిని మిల్లీమీటర్లలో చెప్పుదురు. సుమారు 0.60 మిల్లీమీటరు లోపలివి పలుచనివి. 0.60 మొదలు 0.80 వరకు నడిమి రకము. అంతకు మించినవి మందమైనవి. ఒకటిన్నర మిల్లీమీటరు, అంతకంటె దళసరి బిళ్లలును కలవు. ఈ విభాగము చేయువారిని బట్టి కొంచెము మారుచుండును. ఇవి చాల చిన్న భేదములే గదా యని తలపకుడు. ఒకే పదార్థముతో, ఒకే ఆకారమున చేసిన రెండు బిళ్లలలో ఒకదాని మందము రెండవదానికి రెట్టింపైనచో, దానిని వంచుట రెండు రెట్లు కాదు, ఎనిమిది రెట్లు కష్టము. అర మిల్లీమీటరు బిళ్ల ఆకువలె వంగును. ఒక మిల్లీమీటరు బిళ్ల పలకవలె నిలుచును.

పలుచని బిళ్ల తీగకు తగిలినపుడు తానే వంగి తప్పుకొనును. కావున చేయి కొంచెము బరువుగా పడినను తీగకు దెబ్బ తగులదు. ఆరు తీగలను ఒక్కసారిగా మీటుచు పాటకు తోడునిచ్చువారికి ఇది అనుకూలము. కాని ఒక్కొక్క స్వరమును స్పష్టముగా పలికింపవలెనన్నచో ఆ వంపే అడ్డగును. బిళ్ల తిరిగి నిలుచువరకు స్వరము ఆలస్యమగును, బిళ్ల చప్పుడును వినబడును. మందమైన బిళ్ల వంగదు. చేతిలోని బలమంతయు తీగకు చేరును. రాగమును ఒంటితీగపై వాయించువారికి అది మేలు. అయితే వంగని బిళ్ల చేతి తప్పును కూడ దాచదు. అందుచేత నేర్చుకొనువారికి నడిమి రకమే మొదట తగినది.

రెండవది పదార్థము. పూర్వము పాశ్చాత్య దేశములలో ఈ బిళ్లలను తాబేటి చిప్పతో చేసెడివారు. అది మన చెరువులలోని తాబేలు కాదు. ఉష్ణదేశపు సముద్రములందు పగడపు దిబ్బల నడుమ జీవించు, గ్రద్దముక్కు వంటి మూతి గల తాబేలు. దాని వీపుపై నుండు రంగురంగుల పలకలు తగినంత గట్టివి, తగినంత వంగునవి. ఆ మంచి గుణమే ఆ ప్రాణికి శాపమైనది. దువ్వెనలకు, కంటి అద్దముల చట్రములకు, నగలపెట్టెలకు, ఈ చిన్న బిళ్లలకు వానిని లెక్కకు మిక్కిలిగా చంపిరి. ఆ జాతి నశించు స్థితికి వచ్చినది. మన దేశమున 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము వానిని కాపాడుచున్నది. 1977వ సంవత్సరము నుండి అంతర్జాతీయ ఒప్పందము వాని చిప్పల వ్యాపారమును నిషేధించినది.

దానికి బదులు దొరికిన మొదటి పదార్థము సెల్యులాయిడ్. ఏనుగు దంతమునకు మారుగా బిలియర్డు బంతులకు పనికివచ్చు వస్తువును వెదకుచు, అమెరికాలో జాన్ వెస్లీ హయాత్ అనునతడు తన సోదరునితో కూడి 1870వ సంవత్సరమున దీనికి పేటెంటు పొందెను. 1922వ సంవత్సరమున న్యూయార్కులో డి ఆండ్రియా అనునతడు దానితో మీటుబిళ్లలను చేయ నారంభించెను. అది నిప్పునకు త్వరగా అంటుకొనును గనుక పొయ్యి దరికి తీసికొనిపోరాదు. తరువాత నైలాను వచ్చినది. అదే మందముగల సెల్యులాయిడ్ కంటె అది మెత్తగా వంగును, త్వరగా విరుగదు. ఇప్పుడు అసిటాల్ అను ప్లాస్టిక్కుతో చేసినవి కూడ విరివిగా దొరకుచున్నవి. అవి చెమట పట్టిన వ్రేళ్లలో జారకుండ గరుకుగా ఉండును, మెల్లగా అరుగును. ఇవిగాక కొమ్ముతో, కొయ్యతో, లోహముతో చేసినవియు కలవు. లోహపు బిళ్ల ధ్వని మిక్కిలి తీక్ష్ణము, తీగకు అరుగుదల ఎక్కువ.

ఈ సంగతులన్నియు నాకు ముందే తెలిసినవి కావు. ఆ బాలుని కొరకు చదివి, అడిగి తెలిసికొంటిని. పిమ్మట కామారెడ్డికి పోయి 0.50, 0.73, 1.00 మిల్లీమీటరు మందముగల మూడు బిళ్లలను కొని తెచ్చితిని. వాని వెల చాల స్వల్పము. గడువు తీరిన నా బ్యాంకు కార్డు నొకదానిని బాలుడు కత్తిరించి నాలుగవ బిళ్ల చేసెను. బ్యాంకు కార్డు మందము 0.76 మిల్లీమీటరు, అనగా సరిగా నడిమి రకమే. కొబ్బరిచిప్ప ముక్కను గచ్చుపై అరగదీసి ఐదవదానిని చేసితిమి. వెదురు పేడుతో చేసిన ఆరవది మొదటి పాటకే చీలిపోయెను.

తెగిన తీగకు మారుగా క్రొత్తది బిగించి పరీక్ష మొదలిడితిమి. "ఏ బిళ్లతో వాయించుచున్నామో నీవు చూడవద్దు. చెవికి ఏది ఇంపుగా ఉన్నదో చెప్పుము" అని తల్లితో అంటిని. ఆమె గోడవైపు తిరిగి కూర్చుండెను. మొదట ఆరు తీగలను కలిపి మీటించితిని. సగము బిళ్ల చప్పుడే వినబడుచున్నదని 0.50 బిళ్లను త్రోసిపుచ్చెను. ఒక మిల్లీమీటరు బిళ్ల గద్దించినట్లున్నదనెను. 0.73 బిళ్లకు, బ్యాంకు కార్డునకు తల యూపెను. తరువాత బాలుడు ఒక బతుకమ్మ పాట వరుసను ఒంటితీగపై వాయించెను. కొబ్బరిచిప్ప బిళ్ల వంతు వచ్చినపుడు ఆమె చేయెత్తి, "ఇది చెవికి గుచ్చుకొనుట లేదు. దీనితోనే మరల వాయింపుము" అన్నది. పాట ముగిసిన తరువాతగాని ఆమె ఇటు తిరుగలేదు. గిటారును అమ్ముమాట మరల ఆ ఇంట వినబడలేదు.

ఆ దినము నాకు నా తొలి ఉద్యోగపు నాటి సంగతి యొకటి జ్ఞప్తికి వచ్చెను. వ్రాత వంకరగా ఉన్నదని ఒక విద్యార్థిని మూడు దినములు తరగతిలో నిలువబెట్టితిని. నాలుగవ దినమున వాని కలమును నేను తీసికొని ఏదో వ్రాయబోగా పాళీ చీలియుండుట తెలిసెను. క్రొత్త పాళీ కొనియిచ్చితిని. కాని నీయందు తప్పు లేదని ఆ బాలునితో చెప్పుటకు ఆనాడు నాకు నోరు రాలేదు. ఇన్నేండ్లకు ఆ అవకాశము వేరొక బాలుని రూపమున మరల లభించినది. "నాయనా, నీ చేయి మంచిదే. చూడక తిట్టిన తప్పు నాది" అని చెప్పితిని. బాలుడు సిగ్గుపడి, జేబులోని రూపాయి నాణెమును తీసి తల్లి చేతిలో పెట్టెను.

విద్యార్థులారా! పోచారపు అడవి ఒకప్పుడు నవాబుల వేటస్థలము. నేడది జింకలకును పక్షులకును అభయారణ్యము. అట్లే మీటుబిళ్ల కొరకు ఒకప్పుడు తాబేళ్లు ప్రాణములు కోల్పోయినవి. నేడు కొబ్బరిచిప్పయు, పాత కార్డు ముక్కయు ఆ పని చేయగలవు. మంచి సాధనము కొరకు మరియొక ప్రాణిని బాధింప నక్కరలేదు. వెలగల వస్తువే మేలైనదనుకొనుటయు పొరపాటే. అరిగిన ప్లాస్టిక్కు బిళ్లను చెరువులో పారవేయుటయు తగదని మన బాలునికి చెప్పితిని. వాడిప్పుడు వానిని ఒక రేకుడబ్బాలో దాచుచున్నాడు.

పని చెడినపుడు మొదట చేతిని నిందింపకుడు. సాధనమును చూడుడు. సాధనము సరియైనదని తేలిన పిదప అభ్యాసమును చూడుడు. ఈ రెండును చూచిన తరువాత, నాకు చేతగాదు అను మాటను పలుకవలసిన అవసరము మీలో చాలమందికి కలుగదు.